గీకేసిన నంబరు

కొరియర్ కవరు చింపి చూడగానే అర్థమైపోయింది, ఇవి కూడా నకిలీవేనని. అయినా మీటరు తీసి పెట్టాను, మనసు ఊరుకోదు కదా. జర్మేనియం ట్రాన్సిస్టర్‌కి మీటరు సున్నా పాయింట్ రెండు దగ్గర ఆగాలి. ఇది సున్నా పాయింట్ ఆరు చూపించింది. అంటే లోపల ఇప్పటి మామూలు సరుకు పెట్టి, పైన పాత నంబరు అచ్చు గుద్దారు. ఏసీ 187 అన్న ఆ తెల్లటి అక్షరాలు పెళ్లిపత్రిక మీది పేర్లలా తళతళలాడుతున్నాయి. నలభై ఏళ్ల కిందటి వస్తువు మీద అంత మెరుపు ఎక్కడినుంచి వస్తుంది?

"గియి గూడ గంతేనా?" అంది నా భార్య శకుంతల వంటింటి గడపలో నిలబడి.

"గంతే."

"అయితే గా డబ్బాల ఎయ్యి. ఇంకో రెండుపార్లు తెప్పిస్తే డబ్బ నిండుతది."

ఆమె ఎగతాళికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు. అప్పటికి ఆరు నెలలుగా తిరుగుతున్నాను, అరవై మూడేళ్ల వయసులో, వేలిగోరంత వస్తువు కోసం. మామూలుగా అయితే రెండో నెలలోనే ఛీ అని వదిలేసేవాణ్ణి. కానీ కుమారస్వామి చెవులు నా కోసం ఆగవు.

నా పేరు వెంకట్రాజం. హన్మకొండ చౌరస్తా పక్క సందులో ముప్పై రెండేళ్లు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేశాను. ఇప్పుడు ఆ గదిలో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అటు పోవాల్సి వస్తే తల తిప్పుకొని పోతాను. రోడ్డుకు అవతల, సరిగ్గా నా ఎదురుగా కుమారస్వామి దుకాణం ఉండేది. ఇద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. తర్వాత ముప్పై రెండేళ్లు ఒకరి గిరాకీని ఒకరం లెక్కబెడుతూ కూర్చున్నాం. దుకాణాలు రెండూ మూతపడ్డాకే మళ్లీ సరిగ్గా మాట్లాడుకోవడం మొదలైంది.

జనవరిలో ఒకరోజు పొద్దున వాడు మా ఇంటికొచ్చాడు. కుర్చీలో నాకు కుడివైపు కూర్చునేవాడు, ఆ రోజు ఎడమవైపుకు జరిగాడు. ఎందుకని అడిగితే ఎడమ చెవి మొత్తం పోయిందన్నాడు.

"నరం ఎండిపోతాందట. మందు లేదట. కుడిది ఈ ఏడు గడుసుడు కష్టమన్నడు డాక్టరు."

"మిషిను పెట్టుకుంటరు గదరా?"

"మిషిను పెడితే మాట ఇనవడుతదట. పాట పాట తీరుగ ఇనవడదట." చాయ్ కప్పు కింద పెట్టాడు. "రాజం, నాకో సెట్టు చేసియ్యిరా. ఎనభై అయిదుల చేస్తుంటివి సూడు, గసొంటిది. జిందగీల గా తీరు నాకు రాలే. చెవులు ఉన్నప్పుడే ఒక్కపారి నిమ్మలంగ కూసోని సన్నాయి ఇంట."

సన్నాయి అనడానికి కారణం ఉంది. సెట్టంటే క్యాసెట్ పాటను పెంచి స్పీకర్లలో వినిపించే పెట్టె. మా ఉస్తాద్ ఏ సెట్టు తయారైనా ముందు సన్నాయి మేళం క్యాసెట్ వేసి చూడమనేవాడు. డోలు ఎవడి సెట్టులోనైనా బాగానే మోగుతుంది. సన్నాయి పైకెళ్లి ఊపిరి బిగబట్టి నిలబడే చోటు ఒకటుంటుంది, అక్కడ గొంతు పగలకూడదు. కుమారస్వామి ఎన్ని సెట్లు చేసినా అక్కడికి రాగానే చిరిగేది. నావి చిరిగేవి కావు. నేను చేసినవి మొత్తం పద్నాలుగే సెట్లు, కానీ వరంగల్, కాజీపేటలో పాటల పిచ్చి ఉన్నవాళ్లకు వాటి సంగతి తెలుసు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ రోజుల్లో మా పనివాళ్లకు ఒక అలవాటు ఉండేది. మంచి సెట్టు చేసినవాడు మూత బిగించే ముందు ట్రాన్సిస్టర్ల మీది నంబర్లను గరుకు కాగితంతో గీకేసి, పైన నల్లరంగు పూసేవాడు. రేపు ఎవడైనా విప్పి చూసినా ఏం వేశాడో తెలియకూడదని. ఆ ఆకారంలో నాలుగైదు రకాలు వచ్చేవి, నంబరు లేకపోతే ఏది ఏదో చెప్పడం కష్టం. అందరూ గీకేవాళ్లు, నేను అందరికంటే ఒక పాలు ఎక్కువ గీకేవాణ్ణి. ఊళ్లో అందరూ నేనేదో జపాన్ సరుకు, జర్మనీ సరుకు వాడుతున్నానని చెప్పుకునేవాళ్లు. కుమారస్వామి కూడా అదే అనుకున్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు.

నిజానికి అవి ఏసీ 187, ఏసీ 188. అప్పటి రేడియోల్లో ఉండే మామూలు సరుకు. ఒక జతకు చెరొకటి, సెట్టుకు రెండు జతలు. నేను చేసేదల్లా యాభై కొనుక్కొచ్చి, మూడు రోజులు కూర్చొని, ఒకదానికొకటి సరిగ్గా తూగే జోడును ఏరుకోవడమే. ఓపిక తప్ప అందులో ఏ విద్యా లేదు. అది బయటపడితే నా విలువ పోతుందని భయం. అందుకే అంత గట్టిగా గీకేవాణ్ణి.

సరే, చేసిస్తానని వాడికి మాటిచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. టేకు పలకలతో పెట్టె చేయించాను. స్పీకర్లు నా దగ్గరే ఉన్నాయి. ఆ నాలుగు ట్రాన్సిస్టర్లు తప్ప అన్నీ ఫిబ్రవరి నెలాఖరుకల్లా సిద్ధమయ్యాయి. అక్కడ ఆగిపోయింది బండి.

వరంగల్‌లో పాత దుకాణాలన్నీ తిరిగాను. ఒకడు నంబరు విని నవ్వాడు, ఒకడు ఎల్‌ఈడీ బల్బు చూపించాడు. కాజీపేటలో పాత సామాను కొనేవాళ్ల దగ్గర తుప్పు పట్టిన రేడియోలు నాలుగు తెచ్చి విప్పితే, ఒకదాంట్లో బల్లి గుడ్లున్నాయి, మిగతావాటిలో అవి కూడా లేవు. కోఠీకి రెండుసార్లు పోయాను. పొద్దున రైలెక్కి, కాళ్లరిగేలా గల్లీ గల్లీ తిరిగి, సాయంత్రం ఖాళీ సంచితో దిగడం. "పెద్దాయనా, ఇప్పుడు మొత్తం బోర్డే దొరుకుతది, బ్లూటూత్ గూడ ఉంటది, తీస్కపో" అని ఒక కుర్రాడు నా మీద జాలిపడ్డాడు. ఆ జాలి మోకాళ్ల నొప్పికంటే ఎక్కువ బాధించింది.

నెలకోసారి కుమారస్వామి ఇంటికి పోయి వస్తుండేవాణ్ణి. పోయిన ప్రతిసారీ వాడి ప్రపంచం ఇంకొంచెం చిన్నదయ్యేది. మార్చిలో ఫోన్ ఎత్తడం మానేశాడు. మేలో టీవీ ముందు కూర్చుంటే వాడి భార్య వినోద ఎంత శబ్దం పెంచినా చేయి ఊపి పెంచమనేవాడు. జూన్‌లో ఆమె ఒక గీతల నోటుబుక్కు, పెన్ను వాడి కుర్చీకి దారంతో కట్టింది. గట్టిగా అరిచి చెబితే కొన్ని మాటలు అందేవి, లేకపోతే రాయడమే.

కొన్నిసార్లు వాడు ఒకటే అడిగేవాడు. "ఏం దొరుకుతలేదురా? చెప్పరాదు, నేను గూడ ఎతుకుత."

"ఫికర్ చేయకు, నేను సూసుకుంట" అని చేత్తో సైగ చేసేవాణ్ణి.

మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అదే జవాబు. నలభై ఏళ్లుగా మూసిన నోరు అంత తేలిగ్గా తెరుచుకోదు. చెబితే "గింతేనా?" అంటాడు. ఆ మాట వినడం ఇష్టం లేక ఊళ్లు పట్టుకు తిరిగాను. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు లెండి, ఇప్పుడు తెలుస్తోంది.

మూడోసారి వచ్చిన నకిలీ సరుకు తర్వాత ఇక మిగిలింది నా పాత సెట్లే. పద్నాలుగు సెట్లు ఎవరెవరికి ఇచ్చానో నాకు గుర్తే. నాకంటూ ఒకటి ఉంచుకోలేదు, చివరిది కూడా అడిగినవాళ్లకు ఇచ్చేశాను. ఒక్కొక్కరి గడప తొక్కాను. కొందరు పోయారు, కొందరు ఇల్లు మారారు. రంగశాయిపేటలో ఒకావిడ పోయినేడే నా సెట్టును తోపుడుబండి వాడికిచ్చి వెల్లుల్లిపాయలు తీసుకుందట. "మంచి ఎల్లిగడ్డలే ఇచ్చిండన్నా" అని నన్ను ఓదార్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు తాగి వచ్చేశాను.

చివరికి ఏటూరునాగారం సమ్మమ్మ మిగిలింది. బస్టాండు దగ్గర వాళ్లకు హోటల్ ఉండేది. ఎనభై ఆరులో ఆమె భర్త వచ్చి, రెండు రోజులు నా దుకాణం ముందే కూర్చొని సెట్టు తీసుకెళ్లాడు. ఫోన్ చేస్తే సమ్మమ్మే ఎత్తింది. సెట్టు ఉందనీ, మోగదనీ, అటక మీద పెట్టామనీ చెప్పింది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆగస్టు మొదట్లో ముసురు. ములుగు దాటేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. పస్రా దగ్గర బస్సు ఆగి గంటసేపు కదల్లేదు, ముందు చెట్టు పడిందన్నారు. తడ్వాయి అడవిలో కిటికీ సందులోంచి వాన లోపలికి కొట్టి ఒక మోకాలు తడిసింది. ఇంత వయసొచ్చాక దేనికోసం ఈ తిరుగుడు అని ఎన్నోసారో అనుకున్నాను. అయినా సంచిలో స్క్రూడ్రైవరు, మీటరు, టార్చిలైటు చేత్తో తడిమి చూసుకుంటూనే ఉన్నాను.

సమ్మమ్మ నన్ను గుర్తుపట్టింది. చాయ్ ఇచ్చింది, తువ్వాలు ఇచ్చింది, సెట్టును అటక మీది నుంచి దింపించి దుమ్ము తుడిపించింది. నా పెట్టే. నా చేత్తో వేసిన వార్నిష్. మూత విప్పి లైటు వేసి చూశాను.

లోపల నా ట్రాన్సిస్టర్లు లేవు. వాటి చోట వేరేవి, నల్లటివి, ఇప్పటి రకంవి, నంబర్లు చక్కగా కనిపిస్తున్నాయి. చుట్టూ వైర్లు మార్చి, కొత్త టంకం వేసి, నా పని ఆనవాలు లేకుండా చేశారు.

"ఎవరు జేసిన్రు గీ పని?" టార్చి ఆర్పకుండానే అడిగాను.

"అప్పట్ల పాడైతే మీ హన్మకొండకే తెచ్చిండు మా ఆయన. నీ ఎదురుంగ ఉండెటోడు, కుమారస్వామి. గాయిన జేసిండు."

"నా కాడికెందుకు తేలే?"

"నీకు కోపం ఎక్కువ గదన్నా. నెలలు నెలలు తిప్పుతవని గాయినకిచ్చిండట." ఆమె ఏ దాపరికం లేకుండా చెప్పి, ఉప్మా తింటావా అని అడిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. తిరుగు బస్సులో ఆ మూడు గంటలూ కుమారస్వామిని తిట్టుకుంటూనే వచ్చాను. నా సెట్టు విప్పి, నా సామాను పీకేసి, చెత్త పెట్టి, ఆ మాట ఒక్కనాడూ నాతో అనలేదు. ఇప్పుడేమో అదే సెట్టు కావాలని చెవులు చూపించి అడుగుతాడు! వాడి కోసమే నేను నడుం విరగ్గొట్టుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్నే వాడింటికి పోయాను. వినోద తలుపు తీసి, నా ముఖం చూసి పక్కకు జరిగింది. వాడు అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"నా సెట్టు ఎందుకు ఖరాబు జేసినవురా?" అని అరిచాను. వాడు నవ్వుతూ చూశాడు. ఇంకా గట్టిగా అరిచాను. "సమ్మమ్మది! ఏటూరునాగారం! అండ్లకెళ్లి ఎందుకు పీకినవ్?"

"ఇనవడుతలేదు రాజం." కుడి చెవి దగ్గర చేయి పెట్టుకొని, తల అడ్డంగా ఊపి, నోటుబుక్కు నా ముందుకు జరిపాడు. "గిండ్ల రాయి."

మొన్న జూన్‌లో అరిస్తే అందేవి. ఇప్పుడు అరిచినా అందడం లేదు. అది నాకు ఆ కోపంలో సరిగ్గా ఎక్కలేదు. పెన్ను లాక్కొని పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: "సమ్మమ్మ సెట్టులో నేను పెట్టిన ఏసీ 187, ఏసీ 188 ఎందుకు తీసినవ్? వాటి కోసం ఏడు నెలలుగా తిరుగుతున్న."

రాశాక పెన్ను ఆగింది. ఆ నంబర్లు నా చేత్తో ఎవరికీ రాసివ్వడం అదే మొదటిసారి.

వాడు కళ్లజోడు సరిచేసుకొని చదివాడు. మళ్లీ చదివాడు. వేలు ఆ నంబర్ల మీద పెట్టి నా వైపు చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

నేను నలభై ఏళ్లుగా భయపడ్డ మాట అదే. కానీ వాడి గొంతులో వెక్కిరింపు లేదు. అలసిపోయిన మనిషి బరువు దించాక అనే మాటలా ఉంది. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. మంచం కింది నుంచి ఏదో లాగిన చప్పుడైంది, అది నాకే వినిపించింది. బిస్కెట్ల రేకుడబ్బా పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు.

మూత తీశాను. లోపల చిన్న చిన్న కాగితపు పొట్లాలు. ఒక్కోదాని మీద వాడి వంకర అక్షరాలతో ఒక్కో పేరు. కాజీపేట గార్డు గారు. రంగశాయిపేట టీచరమ్మ. ఏటూరునాగారం హోటల్. విప్పితే నల్లరంగు పూసిన నా ట్రాన్సిస్టర్లు. గరుకు కాగితం గీతలు రంగు కిందినుంచి ఇంకా కనిపిస్తున్నాయి.

"నీ సెట్లు ఏడు నా కాడికొచ్చినయిరా" అన్నాడు కుమారస్వామి. తన గొంతు తనకు వినపడదు కనుక గట్టిగా, ఒకే తీరుగా మాట్లాడుతున్నాడు. "నాలుగింట్ల మూడు కాలిపోయేవి, ఒక్కటే మిగిలేది. పోయినవాటి నంబరు తెల్వకపాయె, వాటి తావుల ఏం పెట్టాలె? అందుకే నాలుగు తీసి నాకెరికైనయి పెట్టి, వైర్లు మార్చిన. జనం సెట్టు మోగాలె గద. బతికున్నది మాత్రం పారేయబుద్ధి కాలే. ఎప్పుడన్న నువ్వే చెప్తవు, జోడు కలుపుదమని దాచిపెట్టిన."

నోటుబుక్కు తీసుకొని, "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?" అని రాశాను. రాస్తున్నప్పుడే జవాబు నాకు తెలుసు.

"నువ్వేం ఎతుకుతాన్నవో చెప్పినవారా? మూడుపార్లు అడిగిన."

వినోద అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. "జనవరిల చెప్తే అప్పుడే అయిపోతుండె గదన్నా" అంది మెల్లగా. వాడికి వినపడదని తెలిసి అన్న మాట. జనవరిలో వాడికి కుడి చెవి ఉంది. ఏప్రిల్‌లో కూడా కొంత ఉంది. ఆరు అంకెలు చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది, అది కూడా తిట్టడానికి రాస్తే బయటికొచ్చింది.

ఆ డబ్బాలో ఏడు ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అక్కడే అరుగు మీద కూర్చొని మీటరు పెట్టాను. ఒక్కొక్కటీ సున్నా పాయింట్ రెండు దగ్గర ఆగుతుంటే కళ్లు మసకబారాయి. రెండింటిలో కరెంటు లోపలే కారిపోతోంది, పనికిరావు. ఐదు బతికున్నాయి. ఇల్లూ ఊరూ వేరైన వాటిలోంచి ఒకదానికొకటి తూగేవి ఏరితే సరిగ్గా రెండు జతలొచ్చాయి. ఏరుతున్నంతసేపూ కుమారస్వామి పక్కనే వంగి చూశాడు. జోడు ఎలా కలపాలో నేను రాసి చూపించాను, ఏదీ దాచలేదు. వాడు తల ఊపుతూ, "గిది ఓపిక పనిరా, నాకు ఓపికెక్కడిది" అన్నాడు.

నాలుగు రోజుల్లో సెట్టు తయారైంది. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వేసుకొని పోయాను. శకుంతల కూడా వచ్చింది, ఆ రోజు ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. మూత బిగించే ముందు కుమారస్వామి ఆగమన్నాడు. నోటుబుక్కులో నేను నంబర్లు రాసిన ఆ పేజీ చింపి, మూత లోపలివైపు ఫెవికాల్‌తో అంటించాడు. నేను దాని అంచులు వేలితో అదిమి, మూత బిగించాను.

సన్నాయి మేళం క్యాసెట్ వేశాను. కుమారస్వామి అరచేయి పెట్టె మీద పెట్టి, కుడి చెవిని స్పీకరు గుడ్డకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"డోలు తెలుస్తాంది" అన్నాడు. ముఖం విప్పారింది. వేళ్లు పెట్టె మీద దెబ్బ దెబ్బకూ కదులుతున్నాయి.

సన్నాయి వచ్చింది. గది నిండా వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత కూడా అలాగే, నూనె రాసినట్టు. మెల్లగా పైకెక్కి, ఆ నిలబడే చోటుకు చేరి, నిలబడింది. పగల్లేదు. కుమారస్వామి ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"సన్నాయి మొదలైందా?" అని అడిగాడు.

వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. నేను తల ఊపాను. వాడు చెవి స్పీకరు మీది నుంచి తీసి నిటారుగా కూర్చున్నాడు.

"పగులుతాందా?"

లేదని రాశాను. ఆ ఒక్క మాట రాయడం పేజీ నింపడమంత కష్టమైంది. క్షమించమని కూడా రాద్దామనుకున్నాను, వాడు పెన్ను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇంకోపారి పెట్టు. నువ్వు ఇను. నేను నీ మొకం సూస్త."

క్యాసెట్ వెనక్కి తిప్పాను. కుమారస్వామి కుర్చీని నాకు ఎదురుగా జరుపుకొని, కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. ఒకప్పుడు రోడ్డుకు అవతలి నుంచి ఇలాగే చూసేవాడు, నేను పనిమీద వంగి అన్నీ కప్పేసుకునేవాణ్ణి. ఇప్పుడు కప్పుకోవడానికి ఏమీ లేక, ముఖం ఎత్తి కూర్చున్నాను. డోలు అయింది. సన్నాయి మొదలై, పైకెక్కి, ఆ చోటుకు వచ్చి నిలబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

వాడు చేయి ఎత్తాడు.

"ఆఁ, గిక్కడనే" అన్నాడు. "నాది పగిలేది గిక్కడనేరా."